ఎండలో హీటరు, కారు మీద తొట్టెల

నిజామాబాద్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా దుగ్గిరాలలో ఎదురుపడిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతున్నారు: "అక్కడ చూడ్డానికి ఏముందండీ?" ఖిల్లా ఉందిట, గుళ్లున్నాయిట, దర్గాలున్నాయిట. అన్నీ ఉన్నాయని నాకు చెప్పారు. నేను చూసింది మాత్రం కారు ఇంజను. బానెట్ ఎత్తి చూశాను, పొగలో చూశాను, చెరుకురసం తాగుతూ చూశాను. అంత దూరం ప్రయాణం చేసి ఇంజను చూసి వచ్చిన మనిషి ఎలా ఉంటుందో తెలియకపోతే మా ఇంటికి రండి, చూపిస్తాను.

ఈ ప్రయాణానికి కారణం గంగమణి. కాశీ యాత్ర బస్సులో నా పక్క సీటు ఆవిడది. నేను బడిలో హిందీ చెప్పి రిటైరైనదాన్ని. ఎవరైనా గట్టిగా మాట్లాడితే బెంచీ ఎక్కించాలనిపిస్తుంది. గంగమణి గుసగుసలాడితేనే బస్సంతా వినిపిస్తుంది. మొదట పోట్లాడుకున్నాం, తర్వాత పచ్చళ్లు పంచుకున్నాం, దిగేసరికి ఒకరినొకరు వదల్లేని స్థితికి వచ్చాం. ఈ ఎండాకాలం ఆవిడ నుంచి ఫోను.

"పంతులమ్మా, మా స్రవంతికి బిడ్డ పుట్టింది. కోటగిరిల తొట్టెలల ఏస్తున్నం. నువ్వు రాకుంటె మల్ల నీతోని మాట్లాడ, చెప్తున్న."

తొట్టెల అంటే వాళ్ల ఊయల. పిలుపో బెదిరింపో తెలియలేదు గానీ టిక్కెట్టు తీసుకున్నాను.

నిజామాబాద్: పసుపు దగ్గర పేచీ

స్టేషనుకు గంగమణి తమ్ముడు లింబాద్రి కారేసుకుని వచ్చాడు. ఊళ్లో బట్టల దుకాణం ఉందతనికి. కారు పాతదే, కానీ దాన్ని గురించి ఒక్క మాట అననివ్వడు. దారిలో మార్కెట్ యార్డు పక్కగా తీసుకెళ్లి, అద్దం దించి, గట్టిగా గాలి పీల్చి చూపించాడు.

"సూసినవా పంతులమ్మా? గిదీ మా పసుపు. గిసొంటి పసుపు దునియాల యాడ దొరకది."

నేను పుట్టి పెరిగింది పసుపు యార్డు పక్కన. ఊరుకుంటానా? దుగ్గిరాల పసుపు రంగు గురించి మొదలుపెట్టాను. అతను కొమ్ము లావు గురించి అందుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఇద్దరం తగ్గలేదు. అప్పుడే పరిచయమైన మనిషి నన్ను "నువ్వు" అంటున్నాడని కూడా ఆ వేడిలో గమనించలేదు. తర్వాత చూస్తే అక్కడ అందరూ అంతే. మా వైపు తిట్టేటప్పుడు కూడా "అండీ" అని తిడతాం. వీళ్లు ప్రేమగా పిలిచి భోజనం పెట్టేటప్పుడు కూడా "ఏందే, తిను" అంటారు. ఒక పూట ముఖం ముడుచుకున్నాను. రెండో పూటకు "ఏందే" అనకపోతే వెలితిగా అనిపించింది.

భోజనంలో జొన్నరొట్టె, నాటుకోడి కూర. గుంటూరు జిల్లా మనిషిని, కారం నాకు లెక్కా అని రొట్టె ముంచి నోట్లో పెట్టుకున్నాను. కళ్లలోంచి నీళ్లు, ముక్కులోంచి నీళ్లు. ఎవరూ చూడకుండా కొంగుతో తుడుచుకున్నాను. సాయంత్రం సందు చివర ఇరానీ హోటల్లో చాయ్, చిన్న చిన్న ఉల్లిగడ్డ సమోసాలు. మా ఊళ్లో ఒక బజ్జీ వచ్చే డబ్బులకు అక్కడ ప్లేటు నిండా సమోసాలు వచ్చాయి. ఆ ఒక్క విషయంలో నిజామాబాద్‌దే పైచేయి అని ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రమే గంగమణి జామూన్లు చేసింది. పెద్ద స్టీలు క్యాను నిండా చేసింది. పాకం గరిటెతో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, వేళ్లు విడదీసి చూసేది. "అంటుకోవాలె పంతులమ్మా. అంటుకోకుంటె అది పాకం కాదు, నీళ్లు." చేస్తూనే అసలు బాధ బయటపెట్టింది.

వాళ్లలో బిడ్డను మొదటిసారి తొట్టెలలో వేసేది అమ్మమ్మ. ఆ తొట్టెల పుట్టింటివాళ్లు తీసుకుపోవాలి. మా వైపు బారసాలలో ఊయల ఎవరు కొన్నారని ఎవరూ అడగరు. ఇక్కడ దానికోసం వియ్యంకులు ముఖాలు తిప్పుకుంటారు. స్రవంతిని ప్రయాణం చేయొద్దని డాక్టరు చెప్పడంతో కాన్పు అత్తవారి వైపే జరిగింది. ఆ లోటు గంగమణికి తీరనే లేదు. పైగా వియ్యపురాలు శాంతవ్వ ముందుజాగ్రత్తగా ఒక స్టీలు తొట్టెల కొని ఇంట్లో పెట్టిందట.

"ఎందుకు కొన్నది? మేం ఆలస్యం జేస్తమని. పెండ్లిల మావోల్లు జెర లేటొచ్చిండ్రని గిప్పటిదాక అంటది. రేపు పొద్దుగూకకముందు ఏస్తరట. నేను ఆ టయానికి లేకుంటె నా మనుమరాలు స్టీలు దాంట్ల పండుతది. నా పానం ఉండంగ గట్ల కానియ్య."

చిలకలు చెక్కిన టేకు తొట్టెల గోడకు ఆనించి ఉంది. రంగు ఇంకా వాసన వస్తోంది.

ఎడపల్లి దారి: వేసవిలో వేడిగాలి

మర్నాడు తొట్టెలను పాత చీరలతో చుట్టి కారు మీద కట్టాడు లింబాద్రి. ముందు సీట్లో గంగమణి, ఆవిడ కాళ్ల దగ్గర జామూన్ల క్యాను. వెనక సీట్లో నేను, అరటిపళ్ల గెల. ఊరు దాటామో లేదో కారంతా ఒక తియ్యటి వాసన.

"అక్కా, మూత సక్కగ పెట్టినవా?" అన్నాడు లింబాద్రి.

"నా మూత సక్కగనే ఉన్నది. నువ్వు రోడ్డు సూడు."

కాసేపటికి ముందు అద్దం లోపలివైపు మసకబారింది. చలికాలంలో అయితే సరే, ఎండ మాడిపోతుంటే మసకేమిటి? నా కళ్లజోడు తుడుచుకున్నాను. మసక పోలేదు. లింబాద్రి తుండుతో అద్దం తుడిచాడు. జిడ్డులా పాకింది. ఈలోగా బండి వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు ఎక్కడం మొదలుపెట్టింది.

"ఏం గాదు. నాకు ఇలాజ్ ఎరుక," అని ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా తిప్పాడు. ఇంజను వేడిని హీటరు లోపలికి లాగేస్తుందట, అప్పుడు ఇంజను చల్లబడుతుందట. ఫోనులో చూశాడట.

చూడండి మరి మా వైభోగం. బయట వడగాలి, లోపల హీటరు. అరటిపళ్లు నా కళ్లముందే మగ్గుతున్నాయి. గంగమణి కొంగుతో విసురుకుంటూ తమ్ముడి వంశాన్ని తిట్టింది, అది తన వంశమే అని మర్చిపోయి. చిత్రం, ముల్లు కాస్త దిగింది. లింబాద్రి నా వైపు అద్దంలో చూసి మీసం దువ్వాడు. వాసన మాత్రం ఇంకా ఎక్కువైంది.

ఎడపల్లి దగ్గరకొచ్చేసరికి ముల్లు మళ్లీ ఎక్కింది, ఈసారి దిగలేదు. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. చెరుకురసం బండి కనిపిస్తే దాని నీడలో ఆపాం. లింబాద్రి దిగిన పళంగా చేతికి తుండు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు.

"ఓరి నీ అక్కల్ పాడుగాను!" గంగమణి అరుపుకు రోడ్డు మీద పోయే బర్రెలు కూడా ఆగాయి. "ఉడికే కుక్కర్ మూత తీస్తవారా? మొకం కాల్తది! దూరం జరుగు!"

జరిగాడు. ఇంజను చల్లారేదాకా చెరుకురసం తాగాం. బండాయన దెగ్లూరు నుంచి వచ్చిన మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు. అల్లం, నిమ్మకాయ వేసి తీసిన రసం గ్లాసు ఇరవై రూపాయలు. మా వైపు ఐసు ఎక్కువ, రసం తక్కువ. అక్కడ ఐసు అడిగితే "ఐసు కాయలా? రసం ప్యా!" అని మరాఠీలో కసురుకున్నాడు, ఐసెందుకు, రసం తాగమని. ఆయన కూడా వైద్యం చెప్పాడు: మూత లూజైందట, ఆవిరంతా అటే పోతోందట. చల్లారాక మూత తీసి చూస్తే నీళ్లు చాలా తగ్గాయి. కారు కిందకు వంగి చూస్తే నేల పొడిగా ఉంది. బండాయన బిందెతో నీళ్లు పోశాడు, మూత గట్టిగా బిగించాడు, మా ముగ్గురికీ నమ్మకం కుదిరింది.

అప్పుడే స్రవంతి ఫోను. "అమ్మా, యాడున్నరు?"

"వచ్చినం బిడ్డా, కోటగిరి పొలిమేర్ల ఉన్నం. ఐదు నిమిషాలు," అంది గంగమణి, చెరుకు పిప్పి మధ్య నిలబడి. నేను ఆవిడ ముఖం వంక చూశాను. రెప్ప కూడా వేయలేదు.

బోధన్: అందరికీ తెలిసిన వాసన

బోధన్ దగ్గరపడుతుంటే చెరుకు తోటలు మొదలయ్యాయి. హీటరు మళ్లీ పెట్టాడు, వాసన మళ్లీ గుప్పుమంది. లింబాద్రికి ముఖం వెలిగిపోయింది.

"అక్కా, వాసన జూసినవా? యాడనో బెల్లం వండుతుండ్రు!"

గంగమణి కళ్లు మూసుకుని పీల్చింది. "అవురా. చిన్నప్పుడు గీ ఊర్ల బాపు చెరుకు బండి మీద కూసుంటె గిదే వాసన. మా బోధన్ గాలే తియ్యగుంటది పంతులమ్మా."

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గొట్టం దూరంగా కనిపిస్తోంది, పొగ లేదు. రోడ్డుకు అటూ ఇటూ బెల్లం బట్టీ ఏదీ కనబడదు. నాకు అనుమానం రావాల్సింది. కానీ సొంత ఊరి గాలి గురించి ఇద్దరు కళ్లు మూసుకుని చెబుతుంటే, పరాయి ఊరి మనిషిని, నేనేం అనగలను? నేను కూడా కళ్లు మూసుకుని పీల్చాను. బావుంది కూడానూ. కళ్లు తెరిచేసరికి కారు ఆవిరి కక్కుతూ ఒక మెకానిక్ షెడ్డు ముందు ఆగింది.

మెకానిక్ గౌస్ భాయ్. మెహెందీ పెట్టిన గడ్డం, గంగమణితో పోటీపడే గొంతు. "ఘబ్రాయించకుండ్రి. నా చేతుల పడ్డ బండి నడవక పోలే," అని ముందే హామీ ఇచ్చేశాడు. ఫ్యాను తిరుగుతోందా చూశాడు, తిరుగుతోంది. బెల్టు లాగి చూశాడు, బిగువుగా ఉంది. పైపులు తడిమాడు, కింద పడుకుని చూశాడు, ఎక్కడా చుక్క లేదు. రేడియేటర్‌లో నీళ్లు మాత్రం మళ్లీ తగ్గాయి.

"నీళ్లు బైటికి పోతలేవు. అంటె లోపటికి పోతున్నయి. ఇంజన్‌లకు తాగుతున్నది. హెడ్ గ్యాస్కెట్ ఖతం. ఇంజన్ ఇప్పాలె. రెండు రోజులు ఇడిసిపెట్టుండ్రి."

రెండు రోజులు అనగానే గంగమణి అక్కడున్న టైరు మీద కూలబడింది. ఆవిడ మౌనంగా ఉండటం నేను అప్పుడే మొదటిసారి చూశాను, నాకు భయం వేసింది. నేనే రోడ్డు మీదకు పరుగెత్తాను. ఆ రోజు పెళ్లిళ్ల రోజు, ఆటోలన్నీ పందిళ్ల దగ్గరే. కోటగిరి బస్సు ఒకటి వచ్చింది. ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నారు. తొట్టెల, జామూన్ల క్యాను, అరటి గెల కూడా ఎక్కించాలన్నాను; కండక్టర్ కారు మీది తొట్టెల వైపు ఒకసారి చూసి, రై అని బస్సు పోనిచ్చాడు.

తిరిగొచ్చేసరికి షెడ్డులో యుద్ధం. టైరు మీద కూర్చున్న గంగమణి చీర అంచు తడిసి ఉండటం లింబాద్రి చూశాడు. ముందు సీటు కింద మ్యాటు మీద మడుగు.

"సూడు! పాకమంత నా కార్ల ఒలకబోసినవ్! పొద్దటి నుంచి అంటున్న, మూత సక్కగ పెట్టలేదని!"

అది గంగమణికి తగలరాని చోట తగిలింది. లేచి, క్యాను బయటకు లాగి, మూత తీసి తమ్ముడి ముక్కు కింద పెట్టింది. పాకం అంచు దాకా ఉంది, జామూన్లు తేలుతున్నాయి.

"ఒలికిందా? యాడ ఒలికింది? కండ్లున్నయా?"

"మరి గిది ఏంది? తియ్యటి వాసనొస్తలేదా?" అని లింబాద్రి మ్యాటు మీద వేలు అద్ది నాలుక దాకా తీసుకెళ్లాడు. గంగమణి ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. రోత అనిపించి కొట్టింది, అంతే. తనూ వంగి ఆ తడి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసింది. వేళ్లు విడదీసి చూసింది. మళ్లీ రాసింది.

"గిది పాకం కాదురా. పాకమైతె అంటుకోవాలె. గిది అంటుకుంటలేదు, నూనె తీరు జారుతున్నది. గిది నాది కాదు. నీ బండిది."

గౌస్ భాయ్ చేతిలో పానా అలాగే ఆగిపోయింది. వచ్చి వాసన చూశాడు. డాష్‌బోర్డు కింద తల దూర్చాడు. తల బయటకు తీసి నుదురు కొట్టుకున్నాడు.

"యా అల్లా! కూలెంట్! హీటర్ కోర్ పలిగింది! నోట్ల పెట్టకుర్రి, జహర్ అది!"

తర్వాత విడమరిచి చెప్పాడు. హీటరు అంటే డాష్‌బోర్డు వెనక ఉండే ఒక చిన్న రేడియేటర్. ఇంజను వేడినీళ్లు దాంట్లోకి వెళ్లి వస్తాయి. అది చిల్లుపడితే నీళ్లు రోడ్డు మీద పడవు, కారు లోపల పడతాయి. అందుకే కింద పొడి, లోపల తడి, అద్దం మీద జిడ్డు మసక. ఆ నీళ్లలో కలిపే కూలెంట్‌కు తియ్యటి వాసన. ఇంజను వేడెక్కిందని మేం హీటరు తిప్పాం, హీటరు తిప్పితే నీళ్లు కారాయి, నీళ్లు కారితే ఇంజను ఇంకా వేడెక్కింది. రోగానికి మందు వేస్తున్నామనుకుని పొద్దుటి నుంచి రోగాన్నే మేపాం.

"మరి నువ్వు డోర్ తెరిచినప్పుడే వాసన రాలేదా భాయ్?" అన్నాను నేను, నా బడి గొంతుతో.

"వచ్చింది మేడం," అన్నాడు గౌస్ భాయ్, ఏ మాత్రం తగ్గకుండా. "ఇంకో ఊర్లైతె ఒక్క మినట్ల పట్టుకుంటుంటి. గీ బోధన్ల పుట్టిన ముక్కు ఇది. తియ్యగొస్తె బెల్లమే అనుకుంటది. అయినా నేను ముందే అన్న గద, నీళ్లు లోపటికే పోతున్నయని!"

చికిత్స చూస్తే నవ్వొచ్చింది. ఇంజను నుంచి హీటరుకు వెళ్లే రెండు రబ్బరు పైపులనూ పీకేశాడు. చిన్న ఇనుప గొట్టం ముక్కతో ఆ రెండింటినీ ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగించాడు. ఇక నీళ్లు హీటరు జోలికి పోకుండా ఇటు వచ్చి ఇటే తిరిగిపోతాయి. కొత్త కూలెంట్ పోసి, ఇంజను నడిపి, గాలి బుడగలన్నీ పోయేదాకా చూసి మూత పెట్టాడు. ముల్లు సగం దగ్గర నిలబడింది, కదల్లేదు. మేం ముగ్గురం దాని ముందు దేవుడి పటం ముందు నిలబడ్డట్టు నిలబడ్డాం.

"కోర్ మార్చేదాక హీటర్ రాదు," అని హెచ్చరించాడు.

"గీ ఎండల్ల నీ హీటర్ ఎవనికి గావాలె భాయ్? దాన్ని బొంద పెట్టు," అంది గంగమణి. గొంతు తిరిగొచ్చింది. షెడ్డులో అందరికీ జామూన్లు పంచింది. గౌస్ భాయ్ రెండోది తింటూ "పాకం కరెక్ట్" అన్నాడు. ఆ మాట ఇంకోసారి గట్టిగా అనమని, తమ్ముడికి వినబడేలా అనిపించుకుంది.

కోటగిరి: శాంతవ్వ చేతులు

బోధన్ నుంచి కోటగిరి దాకా కాలువ నీళ్లు, కోతకొచ్చిన వరి, చల్లటి ఏసీ. నాకు ప్రాణం లేచొచ్చింది. గంగమణికి మాత్రం ఊపిరాడటం లేదు. పొద్దు వాలుతోంది. ఇప్పటికే బిడ్డను స్టీలు తొట్టెలలో వేసేసి ఉంటారని ఆవిడకు నమ్మకం కుదిరిపోయింది. శాంతవ్వను ఏమేం అనాలో దారిపొడుగునా మాకు వినిపించింది. ఆ మాటలు నేను ఇక్కడ రాయలేను, నేను పంతులమ్మను.

వాకిట్లో కారు ఆగగానే ఆవిడే ముందు దూకింది. లోపల ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుని నీరసంగా విసురుకుంటున్నారు. మూలన స్టీలు తొట్టెల ఉంది. ఖాళీగా ఉంది. గది మధ్యలో బక్కపల్చటి ఆవిడ బిడ్డను భుజాన వేసుకుని అటూ ఇటూ నడుస్తోంది. జుట్టు రేగి, చీర భుజమంతా బిడ్డ చొంగతో తడిసి ఉంది.

"అత్త పొద్దటి నుంచి దించలే అమ్మా," అంది స్రవంతి తల్లి చెయ్యి పట్టుకుని. "నేనడిగినా ఇయ్యలే. పిల్ల నిద్రబోయినా దించలే. కింద పెడితె ఎవలో ఒకలు దాంట్ల ఏస్తరని. పెద్దమనుషులు టైం అయితున్నదని లొల్లి జేసిండ్రు, ఇననే లేదు."

శాంతవ్వ గంగమణి వైపు తిరిగింది. "అమ్మమ్మ రాకుండ నేనెట్ల ఏస్త వదినె? అవి ఏం ఐదు నిమిషాలు? నువ్వు పొలిమేర్ల ఉన్ననంటివి. నేను నీ తొవ్వ సూస్తనే ఉన్న."

గంగమణి బోధన్ నుంచి కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ మింగేసింది. కళ్లు మాత్రం నిండాయి. నాకూ నిండాయి, దాచుకోవడమెందుకు.

లింబాద్రి తొట్టెల విప్పి తెచ్చి దూలానికి కట్టాడు. ఆడవాళ్లు లేచి చుట్టూ చేరారు. "తీస్కో, నీ మనుమరాలు," అంది శాంతవ్వ. కానీ ఆవిడ మోచేతులు ముడుచుకుపోయి విప్పుకోవడం లేదు. "తిమ్మిరెక్కినయి వదినె, సాగుతలేవు."

గంగమణి బిడ్డను మెల్లగా ఎత్తుకుంది. తొట్టెల దాకా వెళ్లి ఆగింది.

"నువ్వు గూడ ఒక చెయ్యి పట్టు," అంది.

"నీ హక్కు అది. నువ్వెయ్యి."

"ఒక్కదాన్ని ఏస్తె నా పానం ఒప్పుతలేదు వదినె. రా."

శాంతవ్వ వచ్చి ముడుచుకున్న చేతినే బిడ్డ వీపు కింద పెట్టింది. ఇద్దరూ కలిసి దించారు. బిడ్డ ఒకసారి మూలిగి, పిడికిలి బిగించి, మళ్లీ నిద్రపోయింది. పాటలు మొదలయ్యాయి. తొట్టెల ఊపాల్సిన అమ్మమ్మ కోసం అందరూ వెతికారు. ఆవిడ గోడవారన కూర్చుని, కొబ్బరినూనె రాసి, వియ్యపురాలి చేతులు పిసుకుతోంది.